చివరి అధ్యాయంలో తమ్ముడి పేరు

అమెరికాలోని ట్రాయ్‌లో మా ఇంటికి రెండిళ్ల అవతల కూతురి దగ్గర ఉంటున్న పెద్దావిడ, క్రొయేషియాలో పేరుమోసిన నవలా రచయిత్రి అని నాకు ఏడాది దాకా తెలియదు. అక్కడ ట్రాముల్లో ఆడవాళ్లు ఆవిడ నవలలు చదువుతూ దిగాల్సిన స్టాపులు దాటిపోయేవారట. విమర్శకులు వంటింటి సాహిత్యమని మూతి విరిచారట. “నిజమే, చాలామంది వంట మాడ్చుకున్నారు,” అని నవ్వేది. ఇక్కడ కూరగాయల షాపులో ఆవిడను ఎవరూ తలెత్తి చూడరు. నాకే ఒళ్లు మండేది.

ఆవిడ నవల ఒకటి ఇంగ్లీషులో దొరికితే, తెలుగులోకి అనువదిస్తానన్నాను. యుద్ధానికి వెళ్లి తిరిగిరాని తమ్ముడి కథ అది. తమ్ముడు ఆవిడ సొంత తమ్ముడే, పేరు కూడా మార్చలేదు.

“మాటలు నీ ఇష్టం. కథ మాత్రం మార్చకు,” అంది. సరేనన్నాను.

ఒక తెలుగు వారపత్రికలో అది సీరియల్‌గా వచ్చింది. చివరి భాగం పంపగానే ఎడిటర్ ఫోన్ చేశాడు.

“మేడమ్, ఆ తమ్ముణ్ని చంపేస్తే ఎట్లండీ? అతను ఇంటికి ఎప్పుడొస్తడని రీడర్స్ రోజూ కాల్ చేస్తున్నరు. ఎండింగ్ కొంచెం చేంజ్ చేయండి. ఆమెకు తెలుగు రాదు కదా, ఎవరు చెక్ చేస్తరు?”

మొదట మండిపడ్డాను. కానీ, సిగ్గు విడిచి చెబుతున్నాను, రోజూ ఫోన్లు వస్తున్నాయన్న మాట నాకు బాగా నచ్చింది. రెండు గంటలు కూర్చుని అతణ్ని బతికించాను.

అచ్చయిన సంచిక తీసుకెళ్తే, చదివి వినిపించమంది. తెలుగు చెవికి ఎలా ఉంటుందో వినాలట. అర్థం కాదు కదా అన్న ధైర్యంతో మొదలుపెట్టాను. మూడో పేరాలో ఆవిడ నా చేయి పట్టుకుంది.

“వాడి పేరు వినిపించింది. ఈ అధ్యాయంలో వాడి పేరు నేను ఒక్కసారి కూడా రాయలేదు. బతికున్నాడా?”

అబద్ధం నోటిదాకా వచ్చింది. చెప్పలేకపోయాను.

“ఇంటికొచ్చాడు. గుమ్మం దగ్గర బూట్లు విప్పుతూ, ఆకలేస్తోంది, ఏముంది అని అడుగుతున్నాడు. తప్పయిపోయింది, క్షమించండి. అసలు ముగింపు వేయమని పత్రిక వాళ్లకు ఈరోజే రాస్తాను.”

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఆవిడ రెండో చేత్తో టేబుల్ మీది గుడ్డ సర్దింది.

“మా అమ్మ నన్ను ఇదే అడిగింది,” అంది. “పుస్తకంలోనైనా వాణ్ని ఇంటికి తీసుకురమ్మని. అబద్ధం రాయనన్నాను. నిజమే రాశాను. దేశమంతా చదివింది. అమ్మ మాత్రం ఆ పుస్తకం ముట్టుకోలేదు. ముట్టుకోకుండానే పోయింది.”

నాకు ఏడుపు ఆగలేదు. పత్రిక మూసేయబోయాను. ఆవిడ నా చేయి వదల్లేదు.

“నువ్వు చేసింది తప్పు,” అంది. “ఇంకోసారి చదువు. వాడు వచ్చిన దగ్గర్నుంచి.”