పథ్యం విడిపించిన అక్క

పథ్యమేమీ లేదు, అన్నీ తినొచ్చు అని మొన్న నా కడుపు ఆపరేషనయ్యాక డాక్టరమ్మ చెప్పి అటు తిరిగిందో లేదో, మా అమ్మాయి ఫోను నొక్కి వేడివేడి వడ సాంబారు మంచం దగ్గరికే తెప్పించింది. కోత పెట్టిన ఒంటికి పథ్యం లేకపోవడమేమిటి, మన ఈడు వాళ్ళకు ఈ మాట మింగుడు పడుతుందా చెప్పండి! వడ చేతిలో పట్టుకొని కూర్చుంటే సౌదీలో అల్ ఖర్జ్ ఆసుపత్రిలోని అక్క గుర్తుకొచ్చింది.

అప్పటికి గల్ఫ్ యుద్ధం ముగిసి, సైరన్ల మోత ఆగి, ఇంటికి పోయే విమానాలు మళ్ళీ తిరుగుతున్నాయి. జగిత్యాల వైపు నుంచి పోయిన నేను అక్కడ ఆవుల ఫారంలో పైపుల పని చేస్తుండేవాణ్ణి. తొలిచూలు ఆడపిల్ల పుట్టిందని కబురొస్తే, బిడ్డను ఉయ్యాలలో వేసే తొట్టెల పండుగకు అందుకోవాలని మా యజమాని కఫీల్‌ను బతిమాలి సెలవు సంపాదించాను, టికెట్టూ చేతికొచ్చింది, సరిగ్గా అప్పుడే దాపురించాయి పచ్చకామెర్లు.

ఆసుపత్రిలో మందులకు లోటు లేదు, కళ్ళ పసుపు కూడా తగ్గుముఖం పట్టింది, కాని తిండి తట్ట చూస్తేనే గుండె గుభేలుమనేది. కోడికూర, నెయ్యి కారే అన్నం, నూనెలో తేలే వంకాయ. కామెర్ల మనిషికి వంకాయ ఏమిటండీ! చిన్నప్పుడు నాకు కామెర్లొస్తే మా అమ్మ ఉప్పూ నూనే ముట్టనివ్వకుండా సాకి, మళ్ళీ తానే మంచిరోజు చూసి, ఇక అన్నీ తినొచ్చని చెప్పి పథ్యం విడిపించింది. ఆ భయంతో లబన్ అనే అక్కడి మజ్జిగ తప్ప ఏదీ ముట్టలేదు. ఈజిప్టు డాక్టరు మంచివాడే, ఎందుకు తినడం లేదని వార్డు ఊడ్చే బంగ్లాదేశ్ అతనితో అడిగించాడు. మా ఇద్దరి వచ్చీరాని హిందీ దాటి ఆయన చెవిన పడేసరికి అన్నంలో విషముందని నేనన్నట్టు తేలిందట, పాపం నా ఎదుటే రెండు ముద్దలు తిని చూపించాడు. పక్క మంచం మీది సౌదీ ముసలాయన ఖర్జూరాలు చేతిలో పెట్టి బతిమాలేవాడు. తిని కాళ్ళ మీద నిలబడితే తప్ప విమానం ఎక్కనివ్వనని డాక్టరు తేల్చేశాడు. తొట్టెల దగ్గరపడుతున్నది, బిడ్డను చూస్తానో లేదోనని నాకు ఒకటే దిగులు.

చివరికి ఆడవాళ్ళ వార్డు నుంచి ఒక నర్సును పిలిపించారు. భీమవరం వైపు క్రైస్తవురాలు, నాకంటే బాగా పెద్దది. తట్ట వంకా నా వంకా చూసి, "పథ్యమా తమ్ముడూ?" అంది. ఎన్నాళ్ళకో ఆడమనిషి నోట తెలుగు విని నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవునక్కా, ఇడిపించేటోళ్లే లేరు అన్నాను. అక్కడి డాక్టర్లు పథ్యం పెట్టరని ఆమెకు తెలియదా, తెలుసు, అయినా నాతో వాదించలేదు. తన హాస్టల్లో వండి రెండు పూటలు మెత్తటి అన్నం, చప్పిడి చారు తెచ్చింది. చారులో బెల్లమెందుకు వేస్తారో ఆ గోదావరి వాళ్ళకే తెలియాలి! మూడో పూట ఆసుపత్రి తట్టే తెచ్చి, కళ్ళు మూసుకొని తన దేవుణ్ణి తలుచుకొని, కోడికూర కలిపిన ముద్ద నా చేతిలో పెట్టింది.

"ఇవాళ్టితో నీ పథ్యం విడుపు. అక్కని, నేను చెబుతున్నాను, తిను."

తట్ట ఊడ్చేశాను. ముసలాయన ఖర్జూరాలనూ వదల్లేదు, ఆయన ముఖం చూడాలి అప్పుడు!

తొట్టెలకు ముందు రోజు ఇంట్లో అడుగుపెట్టాను. చిక్కి సగమైన నన్ను చూసి, కామెర్ల సంగతి విని మా అమ్మ అడిగిన మొదటి మాట పథ్యం ఎవరు విడిపించారనే. ఒక అక్క అన్నాను. ఏ ఊరు, ఏ కులం అని అడగకుండానే, ఆమె కడుపు సల్లగుండ అంది.

ఆనాడు తొట్టెలలో పడుకున్న బిడ్డే ఇవాళ వడ తెప్పించిన మా అమ్మాయి. పథ్యాలు పోవడం మంచిదే, నాలుక చచ్చిపోయే బాధ తప్పింది, కాని ఇక తినవచ్చునని చెప్పే పెద్దదిక్కు కూడా వాటితోనే పోయిందే అని నా బెంగ. చల్లారిపోతుంది, ఇంకా ఏం చూస్తున్నావని అమ్మాయి అడిగింది. నువ్వు చెప్తే తింటానన్నాను. ఆమెకు అర్థం కాలేదు, ముసలితనపు చాదస్తమనుకొని నవ్వింది.

"సరే నాన్నా, నేను చెప్తున్న, తిను."

తిన్నాను.