మరమగ్గాల గొంతు

మా ఇంట్లో ఎవరికీ మెల్లగా మాట్లాడడం రాదు. నగరిలో మా వీధి పొడవునా ప్రతి ఇంటి ముందుగదిలోనూ మరమగ్గాలు ఆడుతుంటాయి. పాలు పొంగుతున్నాయని భార్యకు చెప్పాలన్నా, వాన వస్తోందని పక్కింటికి చెప్పాలన్నా ఆ చప్పుడు మీదుగా గొంతు ఎగరేసి అవతల పడేయాలి. మా నాయన తుమ్మితే పుత్తూరులో ఉయ్యాలలోని పిల్లలు ఉలిక్కిపడి లేచేవాళ్లని ఏ గుళ్లోనైనా ప్రమాణం చేసి చెప్పగలను. గొంతు చాలనప్పుడు చేతులు ఉండనే ఉన్నాయి. వేళ్లు ముడిచి నోటి దగ్గర పెడితే తిన్నావా అని. అరచెయ్యి తిప్పితే లేదని. పెదాల కదలిక చూసి మాట పట్టడం మా వీధి పిల్లలకు ఉగ్గుతోనే వస్తుంది. మా పాపకూ అట్లాగే వచ్చింది.

మగ్గాల పని పలచబడ్డాక తిరుపతిలో ఒక చీరల అంగట్లో నాకు ఉద్యోగం దొరికింది. ముగ్గురం వచ్చి చంద్రగిరి రోడ్డు పక్కన ఒక మిద్దె మీది పోర్షన్లో దిగాము. పాపను దగ్గర్లోని బడిలో ఆరో తరగతిలో చేర్పించాము. బడి కూడా మాలాగే ఊరికి కొత్త. గోడల రంగు ఇంకా ఆరలేదు, పిల్లలందరూ సాయంత్రానికి ఒక పక్క నీలంగా ఇంటికి చేరేవాళ్లు. ఇక ఆ గేటును చూస్తే చంద్రగిరి కోట సిగ్గుతో తల దించుకోవాల్సిందే.

మొదటి పేరెంట్స్ మీటింగుకు ఇస్త్రీ చొక్కా వేసి, అత్తరు పూసి, పెళ్లికొడుకు తమ్ముడిలా వెళ్లాను. నా వంతు రాగానే టీచరమ్మ ముందు నిలబడి, ఉన్న ప్రేమంతా పోగేసి అడిగాను.

“నమస్కారం మేడమ్! మా పాప ఎట్ట సదువుతా ఉండాది?”

గదిలో ఫ్యాన్లు తప్ప అన్నీ ఆగిపోయాయి. ఒక తల్లి చంకలో బిడ్డను గట్టిగా హత్తుకుంది. వాచ్‌మన్ కర్రతో సహా వచ్చి నా వెనక నిలబడ్డాడు. టీచరమ్మ చిన్న వయసు పిల్ల, తన నీళ్ల గ్లాసు నా వైపు జరిపింది.

“కోప్పడకండి సార్. ఏదైనా ఉంటే కూర్చుని మాట్లాడుకుందాం.”

“అయ్యో, నాకు కోపం యాడిది మేడమ్! నేను మామూలుగానే కదా మాట్లాడతా ఉండేది!”

“ఏమప్పా, ఆడమనిషితో మాట్లాడే తీరేనా ఇది?” అన్నాడు వెనక వరసలోంచి ఒక తండ్రి.

“ఇప్పుడు నేనేమన్న్యానన్నా?” అంటూ తిరిగేసరికి ఆయన కుర్చీతో సహా గోడదాకా జరిగిపోయాడు. కోపం లేదని చెప్పేకొద్దీ నా కోపం పెరిగినట్టే వినిపించింది. పాప నా చొక్కా అంచు పట్టుకుని నేల మీద ఏదో పోగొట్టుకున్నట్టు చూస్తోంది.

మర్నాటి నుంచి పిల్లలు దానికి మైక్‌సెట్ అని పేరు పెట్టారు. అది బడిలో నోరు విప్పడం మానేసింది. ఇంటికొచ్చినా గొంతు తీయకుండా ఉత్త గాలితోనే మాట్లాడేది.

మధ్యాహ్నం భోజనాల వేళ అంగట్లోంచి బయటపడి, ఇంటి నుంచి వేడి క్యారియర్ తీసుకుని బడిలో ఇచ్చి రావడం నా పని. వాచ్‌మన్ నన్ను లోపలికి రానిచ్చేవాడు కాదు, క్యారియర్ మాత్రం రెండు చేతులతో, పేలిపోతుందేమో అన్నట్టు అందుకునేవాడు. ఊచల మధ్య నుంచి చూస్తే మైదానమంతా గుంపులు గుంపులుగా పిల్లలు. మా పాప మెట్ల కింద ఒక్కతే. ఎవరూ లేరా అని నేను చెయ్యి ఆడిస్తే, అది అరచెయ్యి తిప్పేది. తినమని సైగ చేస్తే అన్నం కెలికేది. అది మూత పెట్టేదాకా అక్కడే నిలబడి, అంగడికి ఆలస్యంగా చేరేవాణ్ణి.

దేశమంతా ఏవేవో కోరికలు మూటగట్టుకుని రైళ్లలో వేలాడుతూ ఈ ఊరికి వస్తుంది. కొండ కిందే కాపురముంటున్న నాకు ఉండింది ఒకటే కోరిక. మా పాప పక్కన కూర్చుని తినే ఒక్క పిల్ల కావాలి. చదువు, మార్కులు తర్వాత చూసుకుందాం.

అప్పుడే హెడ్‌మాస్టరమ్మ కబురు పంపింది. శనివారం కుటుంబాలన్నీ వచ్చి మైదానంలో పిల్లలతో కలిసి భోంచేయాలట, బడి అందరిదీ అనిపించాలట. మా ఆవిడా నేనూ ఆ వారమంతా మెల్లగా మాట్లాడడం సాధన చేశాము. ఉప్పు అడగాలన్నా గుసగుస, ఉతికిన బట్టలు ఎక్కడంటే గుసగుస. కింది పోర్షన్లోని ఇంటి ఓనరమ్మ మెట్లెక్కి వచ్చేసింది.

“ఏమ్మా, మీ ఇద్దురికీ పడ్లేదా? రెండు దినాలుగా సప్పుడే లేదే!”

శనివారం చిత్రాన్నం, నంజుకోడానికి చెనక్కాయల ఊరిబిండి పచ్చడి కట్టుకుని వెళ్లి, మైదానంలో పరిచిన జంఖానా చివర కూర్చున్నాము. పక్కన సత్యవేడు నుంచి వచ్చిన ఒక కుటుంబం, వాళ్ల పాప మా పాప తరగతే. ఆ తల్లి మర్యాదకు “మీదే ఊరు?” అని అడిగింది. మా ఆవిడ ఎంత నాజూకుగా చెప్పిందంటే, ఆ మాట ఆమె పెదాల మీదే చచ్చిపోయింది. ఆ తల్లి రెండుసార్లు చెవి ఒగ్గి, విసిగి, అటు తిరిగి కూర్చుంది.

ఇంతలో కరెంటు పోయింది. జంఖానా పక్కనే కొత్త జనరేటర్ ఆన్ చేశారు. కొండ మీద కోతులు కూడా చెవులు మూసుకుని ఉంటాయి. జనమంతా గిన్నెలు వదిలి ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నారు. మా ఆవిడ కళ్లు మాత్రం మెరిశాయి. వారమంతా బిగబట్టిన గొంతు వదిలేసింది.

“ఊరిబిండి ఇంగొంచెం ఎయ్యనా అయ్యా?”

“ఎయ్యి!”

పక్కన సత్యవేడు తల్లి కూతురితో ఏదో చెబుతోంది, ఆ పిల్ల “ఆఁ? ఆఁ?” అంటోంది. మా పాప ఆ తల్లి పెదాలు చూసి, మా నీళ్ల సీసా తీసి ఆమెకు అందించింది. ఆ పిల్ల జరిగి వచ్చి మా పాప చెవిలో అరిచింది.

“నీకెట్ట ఇనిపిచ్చింది?”

“ఇన్లేదు, సూసినా!” అని మా పాప కూడా అరిచింది. ఎన్నాళ్ల తర్వాతో దాని అసలు గొంతు.

నేను ఆనందం పట్టలేక భార్యకు చెప్పాను. “ఒసేయ్, మన పాప మాట్లాడతా ఉండాది సూడు!” సరిగ్గా అప్పుడే జనరేటర్ ఆగిపోయింది. ఆ మాట గోడలకు తగిలి తిరిగొచ్చింది. మైదానమంతా నా వైపు తిరిగింది. మా పాప రెండు చేతులతో మొహం కప్పుకుంది. సత్యవేడు పిల్ల నవ్వీ నవ్వీ పొలమారి దగ్గింది. వేళ్ల సందుల్లోంచి మా పాప కూడా నవ్వింది. మీటింగులో నాకు బుద్ధి చెప్పిన తండ్రి కూడా కొంచెం నవ్వి, తన గిన్నె వైపు తిరిగిపోయాడు. మా జంఖానా దగ్గరికి పెద్దవాళ్లెవరూ రాలేదు.

సోమవారం మెట్ల కింద ఇద్దరు కూర్చున్నారు. నేను చెయ్యి ఊపాను. పాప చూడలేదు. సత్యవేడు పిల్లకు ఏదో సైగ నేర్పుతోంది. రాత్రి అన్నాల దగ్గర అంది, “నాయనా, రేపట్నించి క్యారియర్ తేవద్దు. పొద్దున్నే సద్దుకోని పోతా. ఎవురి నాయనా గేటుకాడ నిలబడ్రు.”

“మంచిదేలేమ్మా. నాకూ ఎండలో తిరగడం తప్పుతాది,” అన్నాను.

మర్నాడు మధ్యాహ్నం అలవాటుగా చెప్పులేసుకుని అంగడి మెట్లు దిగాను. దిగాక గుర్తొచ్చింది. వెంటనే పైకి పోతే అడుగుతారని గోవిందరాజస్వామి గుడి వీధి చివరిదాకా నడిచి, ఒక నిమ్మకాయ సోడా ఎంత మెల్లగా తాగవచ్చో అంత మెల్లగా తాగి తిరిగొచ్చాను.

“ఏమబ్బా, పాప తినిందా?” అన్నాడు పక్క కౌంటర్ మనిషి.

“కడుపు నిండా తినింది,” అని చెప్పి, చీరలు మడతపెట్టడం మొదలుపెట్టాను.