నాలుగో సీసాలో పెసలు

మార్చి పదిహేడు, ఆదివారం, ఉదయం పదకొండు గంటలు. స్థలం: మా ఇంటి పెరడు, జామచెట్టు కింద.

హాజరైనవారు: ఇంటి ఓనరమ్మ, నేను, నా భార్య, పై వాటాలో ఉండే జిరాక్స్ దుకాణం ఆయన, కింది వెనక వాటా ఆవిడ. రానివారు: ఆవిడ భర్త.

డైరీలో ఆ పేజీ ఇలాగే మొదలవుతుంది. నీటిపారుదల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరిన ఏడాది నుంచి రోజూ డైరీ రాస్తున్నాను. ముందు తేదీ, తరువాత ఎవరెవరున్నారు, చివర ఏం తేలింది. ఆ ఆదివారం తేలినదాన్ని ఒక్క వాక్యంలో రాసి పేజీ మూశాను. మిగతాది ఇప్పుడు రాస్తున్నాను.

మాది నాంపల్లి స్టేషనుకు దగ్గర్లో నాలుగు వాటాల పాత ఇల్లు. కింద ముందు వాటాలో ఓనరమ్మ ఉంటుంది. వెనక వాటాలో ఆ భార్యాభర్తలు. పైన ఒక పక్క మేము, ఇంకో పక్క జిరాక్స్ ఆయన. మధ్యలో పెరడు, పెరట్లో అందరికీ ఒకటే కుళాయి, పక్కన బట్టలుతికే బండ.

రిటైరయ్యాక ఈ ఇంటిని చల్లబరచాలనీ, ఒక్క చుక్క నీరు కూడా వృథాగా మోరీలోకి పోకుండా చూడాలనీ పట్టుబట్టాను. అబిడ్స్‌లో ఆదివారాలు ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లో, వాడిన నీళ్ళను మళ్ళీ వాడుకోవడం గురించి ఒక సన్నటి పుస్తకం దొరికింది. దాన్ని గీతలు కొట్టి చదివాను. డాబా మీద రెండు పూతలు సున్నం వేయించాను. మూలన ఇంకుడు గుంత తవ్వించాను. కూరగాయల తొక్కులు ఎరువు చేయడానికి చిల్లుల డ్రమ్ములు పెట్టించాను. ఆ వేసవిలో పై గదుల్లో వేడి తగ్గిందని జిరాక్స్ ఆయన కూడా ఒప్పుకున్నాడు. ఓనరమ్మ నన్ను నలుగురిలో "మా ఇంజనీరు గారు" అనడం మొదలుపెట్టింది. నేను ఇంజనీరును కాను. ఆ మాట ఆమెతో ఎప్పుడూ అనలేదు.

వీటన్నిటిలో నాకు ప్రాణమైనది మెట్టతామర మడి. నాలుగు వాటాల స్నానాల నీళ్ళు, బట్టలుతికిన నీళ్ళు ఒక సన్నటి కాలువలో కలిసి, కంకరా ఇసుకా దాటి ఆ మడిలోకి వస్తాయి. మొక్కల వేళ్ళు ఆ నీటిని కొంత బాగుచేస్తాయి. మిగిలింది అరటికీ జామకీ పారుతుంది. ఫిబ్రవరిలో ఆ మడిలో ఆకులు అంచుల నుంచి మాడిపోసాగాయి. వెనక వాటా నీళ్ళు వచ్చి కలిసే వైపు ముందు మాడాయి.

ఆ ఆదివారం నాటికి నాకు తెలియని సంగతి ఒకటుంది. అది ఇక్కడే చెప్పేస్తాను. వెనక వాటా ఆయన మెదక్ నుంచి వచ్చి, గన్‌ఫౌండ్రీలో ఏళ్ళ తరబడి టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపినవాడు. చర్చి పాటల బృందంలో ముందు వరసలో నిలబడేవాడు. ఇస్త్రీ చొక్కా లేకుండా గుమ్మం దాటేవాడు కాదు. ఒక ఆపరేషన్ తరువాత ఆయనకు మూత్రం మీద అదుపు పోయింది. ఈ విషయం మూడో మనిషికి తెలియకూడదని భార్య దగ్గర మాట తీసుకున్నాడు. ఆమె ఆ మాట నిలబెట్టుకోవడానికి రోజూ తెల్లవారకముందే దుప్పట్లు ఉతికేది. వాసన పోవాలని బ్లీచింగ్ పౌడర్ గుప్పిళ్ళతో వేసేది. డాబా మీద ఆరేస్తే నలుగురూ చూస్తారని, కిటికీలు మూసుకుని గదిలోనే ఫ్యాను కింద ఆరబెట్టేది.

మూసిన కిటికీలు, ఆగని ఫ్యాను, రోజూ ఉతుకుడు, తేదీలతో సహా నా డైరీలో ఎక్కాయి. గాలి ఆడని ఇల్లు ఒంటికి మంచిది కాదని ఆమెకు రెండుసార్లు చెప్పాను కూడా. "ఔ సార్, తెరుస్త సార్" అనేది. తెరిచేది కాదు.

నెలకో ఆదివారం పెరటి మీటింగు మా ఇంట్లో ఆనవాయితీ. ఆ నెలలో నేను గమనించినవి వాటాల వారీగా చదువుతాను. తప్పు తేలినవాళ్ళు వారం రోజులు డ్రమ్ముల్లో ఎరువు తిరగేయాలి. అందరూ నవ్వుకుంటూ ఒప్పుకునే శిక్ష. ఈసారి చదవడం ఒక్కటే చాలదనిపించింది. గురువారం నాలుగు వాటాల గొట్టాల దగ్గర నాలుగు జామ్ సీసాల్లో నీళ్ళు పట్టి, పేర్లు రాసిన కాగితాలు అంటించి, ఒక్కోదానిలో ఇరవై పెసలు నానేశాను. మర్నాడు నీళ్ళు వంచేసి, తడి గుడ్డలు కప్పాను. ఆదివారానికి మూడు సీసాల్లో తెల్లటి మొలకలు. నాలుగోది వెనక వాటాది, అందులో పెసలు ఉబ్బి, పొట్టు ఊడి, కుళ్ళు కంపు కొడుతున్నాయి.

గుడ్డలు తీసి మూతలు బిగించి, నాలుగు సీసాలూ స్టూలు మీద వరసగా పెట్టాను. నాలుగోదాని మూత తీసి అందరి ముక్కుల దగ్గరికీ తిప్పాను. వెనక వాటా ఆవిడ దగ్గరికి కూడా.

ఆమె సీసా వైపు చూడలేదు. "తప్పయింది సార్. ఎరువు నేనే తిప్పుత. నెల దినాలు తిప్పుత. ఇగ ఇడిసిపెట్టున్రి" అంది.

నా పని ఇంకా అయిపోలేదు. డైరీ తెరిచి చదివాను. ఫలానా రోజు బ్లీచింగ్ వాసన. ఫలానా రోజు మధ్యాహ్నం కిటికీలు మూసి ఉన్నాయి, ఫ్యాను తిరుగుతోంది. ఫలానా రోజు బండ దగ్గర దుప్పటి, డాబా తీగ మీద మాత్రం లేదు. పద్నాలుగు తేదీలు చదివాను.

జిరాక్స్ ఆయన చెవి మీది పెన్ను తీసి ఆమె వైపు చూపించాడు. "ఏందక్కా, ఇంట్ల స్విమ్మింగ్ పూల్ గిట్ల పెట్టినవా? గంత బ్లీచింగ్ ఎవ్వలు ఎయ్యరు."

ఓనరమ్మ నవ్వింది. మరుక్షణం ముఖం గంటు పెట్టుకుంది. "నవ్వులాటకేం గానీ, నా ఇంట్లో ఏం జరుగుతోందో నాకు తెలియొద్దూ? కిటికీలెందుకు మూస్తున్నట్టు? పద, లోపలికెళ్ళి చూద్దాం."

వెనక వాటా ఆవిడ వెళ్ళి తన గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "వద్దమ్మా. ఆయన పండుకున్నడు."

"పదకొండింటికి పడకేమిటి? ఈమధ్య చర్చికి కూడా నువ్వొక్కదానివే వెళ్తున్నావు."

"పాస్టరుతోని లొల్లయిందా ఏంది?" అన్నాడు జిరాక్స్ ఆయన.

నేను కలగజేసుకున్నాను. "చూడమ్మా, ఇది ఎవరినీ తప్పుపట్టడానికి కాదు. కారణం తెలిస్తే దానికి తగ్గ ఉపాయం చెప్పొచ్చు." ఆ మాట నాకే ఎంతో మర్యాదగా వినిపించింది.

ఆమె గుమ్మం వదల్లేదు. ఓనరమ్మ చేతులు దులుపుకుంది. "చెప్పకపోతే నెలాఖరుకి వాటా ఖాళీ చెయ్యి. కింది ఇల్లు కావాలని అడిగేవాళ్ళు బోలెడుమంది."

వాళ్ళకు కింది ఇల్లు తప్పదు, ఆమె భర్త మెట్లెక్కలేడు. పెరట్లో కుళాయి, బండ నాలుగడుగుల్లో ఉంటాయి. ఆమె నా భార్య వైపు చూసింది. నా భార్య జామాకులు ఏరుతున్నట్టు కిందకి వంగింది.

ఆమె ఏదో అంది. పెదాలు కదిలాయి గానీ మాట వినపడలేదు.

"జర గట్టిగ చెప్పక్కా. రైలు చప్పుడుకు వినొస్తలేదు," అన్నాడు జిరాక్స్ ఆయన.

"ఆయనకు ఉచ్చ ఆగుతలేదు!" ఈసారి పెరడంతా వినపడింది. "ఆపరేషన్ అయిన కాడికెల్లి. దినాం పక్క తడుస్తది. దినాం పిండుతున్న. సాలా?"

అప్పటిదాకా లోపల రేడియోలో సన్నగా ఏదో భక్తిపాట వస్తోంది. అది టక్కున ఆగింది. ఫ్యాను చప్పుడు మాత్రం మిగిలింది.

నా చేతిలో పెన్ను ఉంది. "ఎప్పటి నుంచి?" అని అడిగాను.

"ఏంది సార్?"

"ఏ తారీఖు నుంచి అని. ఆకులు మాడడం ఫిబ్రవరి రెండో వారంలో మొదలైంది. సరిపోతుందేమో చూద్దామని."

ఆమె జనవరిలో ఒక తారీఖు చెప్పింది, ఆకులు మాడడానికి నెల ముందుది. రాసుకున్నాను. "సరిపోయింది" అని పైకే అన్నాను.

జిరాక్స్ ఆయన గొంతు తగ్గించాడు, అందరికీ వినపడేంత. "గా సారు దగ్గర్నే నేను టైపు నేర్చుకున్న. ఒక్క అక్షరం తప్పు కొడితే స్కేలుతోటి ఏళ్ళ మీద కొడ్తుండె. ఇప్పుడు సారే దినాం తప్పు కొడుతున్నడు." ఓనరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను కూడా నవ్వాను. నవ్వినట్టు డైరీలో లేదు.

ఆ తరువాత సలహాలిచ్చాను. బ్లీచింగ్ మానేసి కుంకుడుకాయలు వాడాలి. దుప్పట్లు డాబా మీద ఎండలో వేయాలి, ఎండను మించిన మందు లేదు. కిటికీలు తెరవాలి. మూడూ సరైన సలహాలే, ఇప్పటికీ అదే చెబుతాను. ఆమె అన్నిటికీ ఔ అంది. డైరీలో ఇలా రాశాను: మడి పాడవడానికి కారణం బ్లీచింగ్ అని తేలింది, కుంకుడుకాయలు వాడడానికి అంగీకారం.

మధ్యాహ్నం భోజనాల దగ్గర నా భార్య అన్నం వడ్డించి, తను తినకుండా నిలబడింది.

"నాకు తెలుసు. జనవరిలోనే చెప్పింది నాకు" అంది.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే రాస్తారు కదండీ."

మజ్జిగ గ్లాసు నా ముందు పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. పెరుగన్నం కలుపుకుని తిన్నాను. నాలుగు గంటలకు మడి దగ్గరికి వెళ్ళి మాడిన ఆకులు కత్తిరించాను. వెనక వాటా కిటికీలు తెరిచి ఉన్నాయి, రెండు రెక్కలూ. లోపలికి చూడకుండా ఉండాలని అనుకున్నాను. చూశాను. మంచం గోడ వైపు జరిపి ఉంది. మంచం మీద ఎవరూ లేరు. ఆయన తలుపు పక్క కుర్చీలో వీపు ఇటు తిప్పి, చొక్కా గుండీలు మెడ దాకా పెట్టుకుని కూర్చున్నాడు.

సోమవారం ఉదయం ఆరున్నరకి కుళాయి వచ్చింది. బిందెలతో అందరం దిగాం. జిరాక్స్ ఆయన నోట్లో బ్రష్షుతో మెట్ల మీద నిలబడ్డాడు. ఓనరమ్మ తన గుమ్మం ముందు ముగ్గు వేస్తోంది.

వెనక వాటా తలుపు తెరుచుకుని ఆయన బయటికి వచ్చాడు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, కింద లుంగీ. ఒక చేత్తో గోడ పట్టుకుని, ఇంకో చేత్తో చుట్టిన దుప్పటి చంకలో పెట్టుకుని, నాలుగడుగులు నడవడానికి చాలాసేపు తీసుకున్నాడు. భార్య వెనకే వచ్చి చేయి అందించబోయింది. "నువ్వు లోపలికి పో" అన్నాడు. ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది.

బండ పక్కన చిన్నపీట వేసుకుని కూర్చున్నాడు. గిన్నెలో నానబెట్టిన కుంకుడుకాయలు పిసికి, ఆ నురగ దుప్పటి మీద పోశాడు. రెండు చేతులతో రుద్దాడు. టైపు మిషను మీద ఆడిన వేళ్ళు, కణుపులు ఉబ్బి ఉన్నాయి, దుప్పటి బరువుకి జారిపోతున్నాయి. ఎవరూ కదల్లేదు. నా బిందె నిండి పొంగి పొర్లుతుంటే కుళాయి కట్టేయడం మరిచిపోయాను. చుక్క నీరు పోనివ్వనివాణ్ణి.

"నీళ్ళు పోతున్నయి సార్" అన్నాడు, తల ఎత్తకుండా.

కుళాయి కట్టేశాను.

కుంకుడు నురగ కాలువలో మెల్లగా మడి వైపు పారింది. ఆయన పక్కన పెట్టుకున్న సీసా అప్పుడు చూశాను. నిన్న స్టూలు మీద నేను వదిలేసిన నాలుగోది. కడిగి తెచ్చాడు. నేను అంటించిన కాగితం అలాగే ఉంది. కాలువలో ముంచి ఆ నీళ్ళు పట్టి, మూత బిగించి, చొక్కా అంచుతో తుడిచి నా వైపు చాపాడు.

"ఇయ్యాల్టి నీళ్ళు. తారీఖు ఏసుకున్రి. పెసలు ఏసి చూడున్రి సార్, మొలుస్తయో లేదో."

తీసుకున్నాను. పైకి బయల్దేరాను. మెట్ల మీద జిరాక్స్ ఆయన పక్కకి తప్పుకుని దారిచ్చాడు.

ఇంట్లోకి వెళ్ళి సీసా వంటగట్టు మీద పెట్టి, పెసల డబ్బా ఎక్కడుందని నా భార్యను అడిగాను. ఆమె సీసా వైపు ఒకసారి చూసింది, నా వైపు ఒకసారి చూసింది. ఆ పూట డబ్బా తీసి ఇవ్వలేదు.