వదులైన మాస్కు

నాకు కుదురు లేదని అమ్మ నా చిన్నప్పటి నుంచీ అంటూనే ఉంది. అన్నం తింటూ కూడా లేచి తిరిగేదాన్నట. ఆ రోజు ఉదయం కుప్పం స్టేషన్‌లో చూసినవాళ్లెవరైనా ఆ మాట ఒప్పుకునేవాళ్లు. బెంగుళూరు రైలుకు ఇంకా టైముంది. పుంగనూరు నుంచి అమ్మా అక్కా వస్తున్న కారు మాత్రం రాలేదు. ప్లాట్‌ఫారం ఈ కొస నుంచి ఆ కొసకు నడుస్తూ ఉన్నాను. పూలమ్మే ఆమె జాలిపడి "కూసో మా, రైలు నువ్వు నడిస్తే రాదు" అంది. కూర్చున్నాను, వెంటనే లేచాను.

అక్క మదనపల్లెలో బడి పిల్లలకు తెలుగు చెప్పే మనిషి. రొమ్ములో వచ్చిన క్యాన్సర్ నయమైందని మేమందరం ఊపిరి పీల్చుకుని చాలా కాలమైంది. ఒకరోజు క్లాసులో సుద్దముక్క చేతిలో పట్టుకుని, దాన్ని ఏమంటారో గుర్తురాక "ఇది... ఇది" అంటూ నిలబడిపోయిందట. పిల్లలు ఆట అనుకుని నవ్వారు. మదనపల్లెలో స్కాన్ తీసి, క్యాన్సర్ తలకు పాకిందని, ఆలస్యం చేయకుండా బెంగుళూరుకు పొమ్మని చెప్పారు. రైల్లో పడుకుని వెళ్లొచ్చని అక్కను కుప్పంలో మా ఇంటికి తెచ్చుకున్నాను.

చచ్చిపోతానని అక్క భయపడలేదు. ఆమె భయమంతా మాటల గురించే. "నోట్లో మాట లేకుండా మంచం మీద ఉండేది నావల్ల గాదు పాపా" అనేది. తలలో వాపు తగ్గడానికి ఇచ్చిన మాత్రలకు నిద్ర పట్టదు, ఆకలి మాత్రం ఆగదు. సంగటి ముద్ద ముందు పెట్టుకుని, ఎక్కాలు అప్పజెప్పినట్టు చెట్ల పేర్లు, చేపల పేర్లు తనకు తానే అప్పజెప్పుకునేది. ఒక పేరు తప్పితే నా మొహం చూసేది. నేను వేరే పని ఉన్నట్టు లేచి వెళ్లిపోయేదాన్ని.

బెంగుళూరు ఆసుపత్రిలో తెలుగు వచ్చిన డాక్టరమ్మ ఉండటం మా అదృష్టం. అక్కడ ఒక పరిశోధన జరుగుతోందని ఆమె చెప్పింది. తలలో గడ్డలు కొన్నే ఉన్నవాళ్లను రెండు గుంపులు చేస్తారు. ఒక గుంపుకు గడ్డల మీద మాత్రమే రేడియేషన్, రెండో గుంపుకు తల మొత్తానికి. ఎవరికి జ్ఞాపకం ఎంత నిలుస్తుందో తర్వాత చూస్తారు. ఎవరు ఏ గుంపులో పడాలో కంప్యూటరు తేలుస్తుంది.

"ఏది మంచిదో మీకు తెలీదా తల్లీ?" అని అమ్మ అడిగింది.

"తెలిస్తే పరిశోధన ఎందుకమ్మా?" అంది డాక్టరమ్మ నవ్వి.

అమ్మకు ఆ జవాబు నచ్చలేదు. తిరుగు రైల్లో నాతో అంది: "వాళ్లకే తెలీదంట సూడు. మన గంగమ్మ అట్లా అనదు."

అక్క పేరు గడ్డల మీద మాత్రమే ఇచ్చే గుంపులో పడింది. ఆ సాయంత్రం మా ముగ్గురికీ పండగే. కంప్యూటరుకు దండం పెట్టాలనిపించింది నాకు. మరుసటి వారం మాస్కు తయారుచేశారు. వేడి నీళ్లలో మెత్తబడ్డ ప్లాస్టిక్ రేకు మొహం మీద పరిచి, తల చుట్టూ అదిమారు. ఆరాక జల్లెడలాంటి అక్క మొహం ఒకటి తయారైంది. దాన్ని బల్లకు బిగిస్తే తల వెంట్రుకవాసి కూడా కదలకూడదు, కిరణం గడ్డ మీదే పడాలి. అందరం కుప్పం తిరిగొచ్చాక, తన ఇంటిని చూసుకుని వస్తామని అమ్మ అక్కను రెండు రోజులు పుంగనూరు తీసుకెళ్లింది. ఆ ఉదయం మొదటి రేడియేషన్‌కు వెళ్లడానికే స్టేషన్‌లో వాళ్ల కోసం ఎదురుచూస్తున్నాను.

కారు వచ్చింది. అక్క దిగింది. తల మీద కొంగు జారింది. నున్నటి గుండు, దాని నిండా గంధం.

"ఏం పని మా ఇది?" అని అరిచాను. నలుగురూ తిరిగి చూశారు.

అమ్మ తొణకలేదు. "యాల అరుస్తావు? రేడియేషన్ పెడితే జుట్టు రాలిపోతాది గదా. రాలిపోయినాక ఇస్తే అది మొక్కా? సెత్త. ఉండంగానే గంగమ్మకు ఇయ్యల్ల. ఇచ్చినాం."

గడ్డల మీద మాత్రమే పెట్టే రేడియేషన్‌కు అంత జుట్టు రాలదని చెప్పేలోపు రైలు వచ్చింది. దారి పొడుగునా నేను అమ్మ పక్కన కూర్చోలేదు. కిటికీ దగ్గర కాసేపు, తలుపు దగ్గర కాసేపు నిలబడ్డాను. నాకు పిచ్చికోపంగా ఉంది. అక్క జడ ఎంత ఒత్తుగా ఉండేదో నాకు తెలుసు, మాస్కు ఆ జుట్టు మీద చేసింది.

అనుకున్నంతా అయింది. మాస్కు బిగించాక కూడా లోపల తల ఇటూ అటూ ఆడింది. టెక్నీషియన్ అక్క గుండును చూసి, మమ్మల్ని చూసి, డాక్టరమ్మను పిలిచింది. ఆమె తిట్టలేదు. మళ్లీ మాస్కు చేయాలి, మళ్లీ స్కాన్లు తీయాలి అని మాత్రం అంది. అమ్మ మొహం అప్పుడు మొదటిసారి వాడిపోయింది. నాకు జాలి కలగలేదు.

స్కాన్లు వచ్చాక డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టింది. పోయినసారి లేని చిన్న చిన్న గడ్డలు చాలా కనబడుతున్నాయంది. ఇన్ని ఉంటే పరిశోధన నియమాలు ఒప్పుకోవట. ఇక తల మొత్తానికి రేడియేషన్ పెట్టక తప్పదు. జ్ఞాపకం, మాట కొంత మందగించవచ్చు. "పాత ప్లాన్ ప్రకారం పోయుంటే వీటికి వైద్యం అందేది కాదు" అని కూడా చెప్పింది.

అమ్మ ఆ చివరి మాట ఒక్కటే పట్టుకుంది. బయటికి రాగానే చేతులు జోడించింది. "సూస్తివా? గంగమ్మకు గుండు కొట్టించబట్టే గదా మళ్లా స్కాన్ తీసింది. ఆయమ్మే సూపించింది. నువ్వేమో స్టేషన్‌లో నన్ను గొడ్డును అదిలించినట్టు అదిలిస్తివి!" అని, మొహం వెలిగిపోతూ టీలు తేవడానికి క్యాంటీన్‌కు వెళ్లింది.

నా నాలుక చివర ఉంది జవాబు. అమ్మ వెనకాలే వెళ్లి, నీ గంగమ్మ చూపించింది శుభవార్త కాదు అని చెప్పేయాలని లేచాను. అక్క నా చెయ్యి పట్టుకుని లాగింది.

"కూసో. కొత్తవి వచ్చినాయంటే, బిరబిరా పాకతాండాదని గదా?"

"అవునక్కా."

"మాటలు పోతాయి గదా?"

"కొన్ని పోవచ్చంట." నాకు ఏడుపొచ్చింది.

అక్క గుండు తడుముకుంది. మాట కోసం వెతుక్కుంటూ, ఒక్కొక్కటే ఏరుకుంటూ అంది: "అయితే ఇప్పుడే సెప్తాండాను, విను. అమ్మతో వాదులాడొద్దు. నేను పోయినాక అమ్మకు గంగమ్మ కావల్ల. దాన్ని గూడా నువ్వు పీకేయొద్దు."

అమ్మ మూడు కప్పులు జాగ్రత్తగా పట్టుకుని వస్తోంది. నేను ఎదురెళ్లి రెండు అందుకున్నాను.

"నువ్వు సెప్పిందే నిజం మా," అన్నాను. "ఆయమ్మే సూపించింది."