తడి ఆరని గోడ

ఈ ఉదయం నిజామాబాద్‌లో మా వీధి చివర పెళ్ళివారు ఎర్రమన్నుతో అరుగు అలుకుతుంటే, ఆ వాసనకు నా కాళ్ళు ఆగిపోయాయి. ఆఫీసుకు ఆలస్యమవుతున్నా కదలబుద్ధి కాలేదు. ఎవరికైనా ఆ వాసన పండుగలా తోస్తుంది. నాకు మాత్రం నర్సింలు సారు గుర్తొస్తారు, కాస్త సిగ్గు కూడా వేస్తుంది.

ఆయన మా శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరు. కాగితాల మీద ఇంజనీరుగా నేనే ఆయనకు పైఅధికారిని; ఊళ్ళో నడిచేది మాత్రం ఆయన వెనకే. చాలా ఏళ్ళ కిందట భూకంపం వచ్చిన వారం బోధన్, రెంజల్ వైపు ఇళ్ళకూ రోడ్లకూ జరిగిన నష్టం రాసుకురమ్మని మా ఇద్దరినీ పంపారు. మా ఊరు బోధన్ పక్కన, క్యాంపు అని పిలిచే వలస రైతుల పల్లె. మా తాతలు కోస్తా నుంచి వచ్చి కాలువ కింద చెరుకు వేసినవాళ్ళు. కొత్త ఉద్యోగం, చదువుకున్నానన్న పొగరు, ఎవరైనా చెబితే వినే అలవాటు తక్కువ. అది కనిపెట్టారో ఏమో, ఆయన పాఠం చెప్పేవారు కాదు, చూపించి ఊరుకునేవారు. మొదటి రోజు కాలువ వంతెన దగ్గర రోడ్డు కుంగిన చోట నేను టేపు పట్టుకుని గబగబా కొలుస్తుంటే, ఆయన గొంతుక్కూర్చుని పగుళ్ళలోకి తొంగిచూశారు.

"పగులుకు గూడ వయసుంటది మేడం. గిండ్ల గడ్డి మొల్సింది సూడుండ్రి, ఇది మొన్నటిది గాదు. పక్కదాని అంచులు ఇంకా పచ్చిగున్నయి. గది రాయుండ్రి."

మూడో రోజు రెంజల్ దగ్గర ఒక పల్లెకు వెళ్ళాం. పోశవ్వ అని, మనవరాలితో ఉండే ముసలావిడ. మట్టిగోడల ఇల్లు అద్దంలా ఉంది. గోడలకు ఎర్రగా పూత, గడప ముందు ముగ్గు. "అంత మంచిగనే ఉన్నది బిడ్డా, సల్లగుండుండ్రి" అని మాకు చాయ్ ఇచ్చింది. నేను ఫారంలో 'నష్టం లేదు' అని రాసి, సంతకం చేసి, జీపెక్కి కూర్చున్నాను. నర్సింలు సారు రాలేదు. వెనక గోడకు అరచెయ్యి ఆనించి అలాగే నిలబడ్డారు.

"పండుగ లేదు, పబ్బం లేదు. అవ్వ ఇల్లెందుకు అలికినట్టు మేడం?"

నేను జీపు దిగి వచ్చాను. ఆయన లోపలికి వెళ్ళి, "అవ్వా, నీ అలుకు జర ఖరాబు జేస్తున్న, తిట్టకు" అని బొటనవేలి గోరుతో గీరారు. తడి మట్టి పెళ్ళలా ఊడిపడింది. వెనక పగులులో నా వేళ్ళు నాలుగూ దూరాయి, అవతలి వెలుతురు కనిపించింది. అమ్మమ్మా మనవరాలూ పడుకునే మంచం సరిగ్గా ఆ గోడకే ఆనించి ఉంది.

పోశవ్వ ముఖం చిన్నబుచ్చుకుంది. "సర్కారోళ్ళు ఇంటికొస్తుండ్రంటే పగిలిన గోడ సూపిస్తరా కొడుకా? ఇజ్జత్ పోదా?"

"దవాఖానకు పోయి నొప్పి లేదంటవా అవ్వా?" అని ఆయన ఆమె పక్కనే నేల మీద కూర్చున్నారు. చాలాసేపు పంట గురించి, మనవరాలి బడి గురించి మాట్లాడారు. తర్వాత ఇద్దరం మంచం ఎత్తి పక్కింటి వసారాలో వేశాం. పోశవ్వ గొణుగుతూనే దుప్పట్లు తెచ్చుకుంది. నేను ఫారంలో నా మాట కొట్టేశాను. మంచం జరిపిన నాలుగో నాడు వానపడి ఆ గోడ లోపలికి కూలింది. కబురు వినగానే నేను పరుగున వెళ్ళి నర్సింలు సారుకు చెప్పాను. ఆయన మాత్రం, "అవ్వ మంచిగున్నది గద" అని ఊరుకున్నారు.

ఆ గోడ సంగతి బయటపడ్డ రోజే, 'నష్టం లేదు' అని రాసిన ఇళ్ళన్నిటికీ మళ్ళీ పోదామని నేనే అన్నాను. ఎక్కడ పూత గీరినా, గోడ గట్టిగా ఉంటే, ఆయన చెంబుడు నీళ్ళడిగి మన్ను కలిపి తన చేత్తోనే మళ్ళీ పూసేవారు. "ఆమె కష్టం మనం పాడుజేసి పోవద్దు గద బిడ్డా" అన్నారు. మేడం పోయి బిడ్డ అయ్యాను. ఆ పిలుపుకు నేను కరిగిపోయాను.

పోశవ్వ గోడ బయటపడ్డ ఆ రోజు సాయంత్రమే క్యాంపులో మా ఇంటికి వచ్చి, రోజూ కూర్చునే చోటే వంటింట్లో అన్నానికి కూర్చున్నాను. ఎదురుగా ఎప్పుడూ లేని చోట క్యాలెండరు వేలాడుతోంది.

"అదెందుకమ్మా అక్కడ?"

"ఏం లేదే, ఊరికే పెట్టాను. ముందు నువ్వు తిను."

లేచి క్యాలెండరు తీశాను. దాని వెనక పెద్ద పగులు; పైన అటక దాకా, కింద పొయ్యి గట్టు దాకా మసిలో కలిసి సన్నగా సాగింది. అమ్మ తల వంచుకుంది. "ఊరంతా తిరిగి అలిసి వస్తున్నావు. ఇంటి గొడవ కూడా నీకెందుకని..."

మూడు రోజులుగా నేను ఆ గోడకు ఎదురుగా కూర్చుని, ఊళ్ళో ఇళ్ళ గురించి అమ్మకు గొప్పలు చెబుతూ అన్నం తిన్నాను. ఆవిడ ఆ గోడ కిందే నాకు వంట చేసింది. పళ్ళెం పక్కన పెట్టి అమ్మను పట్టుకుని ఏడ్చాను.

రిటైరైన రెండేళ్ళకు నర్సింలు సారు పోయారు. ఆయనంత ఓపిక నాకు ఇప్పటికీ రాలేదు. కానీ ఎక్కడికి వెళ్ళినా, అంతా బాగుందని చెప్పేవాళ్ళ దగ్గర ఇంకాసేపు కూర్చుంటాను.