యెర్మీల్ చొక్కా

పెత్రోగ్రాద్‌లో ఆ సాధువు గురించి చెప్పుకోని నోరు లేదు. చూపుతోనే నెత్తురు ఆపేవాడట. విషం పెడితే తాగి నవ్వాడట. మహారాణి అతని మాట జవదాటదట. ఇన్ని ‘అట’ల మధ్య అగ్రఫేనాకు కచ్చితంగా తెలిసింది అతని మురికి ఒక్కటే. రెండేళ్లు అతని చొక్కాలు ఉతికింది. కాలరు మీద చేపల పులుసు, చేతుల మీద ద్రాక్షసారా, చంకల్లో అందరికీ పట్టే చెమటే. “మహిమే ఉంటే నాకు సబ్బు మిగలాలి కదే!” అని తోటి ఆడవాళ్లతో వేళాకోళమాడేది.

ఆ నోరే ఒకసారి అబద్ధమాడింది. ఓ కర్నల్ భార్య ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని అగ్రఫేనా ఉండే నేలమాళిగ గదిలోకి దిగి వచ్చింది. కూతురికి జ్వరం, సాధువు విడిచిన చొక్కా ఒక్కటి ఇమ్మంది. ఆయనవన్నీ ఇస్త్రీ అయి వెళ్లిపోయాయి. బుట్టలో ఉన్నది గుర్రబ్బండి తోలే యెర్మీల్ చొక్కా. కర్నల్ భార్య చేతిలో పంచదార పొట్లం ఉంది. మనవరాలు లూషా తీపి ఎరిగి నాలుగు నెలలైంది. అగ్రఫేనా బుట్టలో చెయ్యి పెట్టింది. యెర్మీల్‌తో మాత్రం చొక్కా కాలవలో కొట్టుకుపోయిందని చెప్పింది.

ఆ జ్వరం దానంతటదే తగ్గింది. చొక్కా మహిమ ఊరంతా పాకింది. తర్వాత సాధువును ఎవరో చంపేశారు. చలికాలం పోకముందే రాజూ గద్దె దిగాడు. “ఇది మా ఇంట్లో దొరికితే రాణి మనిషినని నన్ను బతకనివ్వరు,” అంటూ కర్నల్ భార్య చొక్కాను తెచ్చి పడేసి పోయింది. అగ్రఫేనా దాన్ని పెట్టె అడుగున దాచడం కోడలు ఉస్తీన్యా చూసింది.

ఈస్టరు ఉపవాసాల రోజుల్లో లూషాకు గొంతు పూడుకుపోయింది. ఉస్తీన్యా పిల్లను ఆ చొక్కాలో చుట్టి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

“లెయ్యవే, ఆసుపత్రికి పోదాం. గొంతులో తెల్లపొర కట్టింది. దీనికి సూదిమందు ఉందంట.”

“ఆసుపత్రికి తీసుకెళ్లిన నా కొడుకు శవపెట్టెలో తిరిగొచ్చాడు. మర్చిపోయావా అత్తా?”

అగ్రఫేనా మర్చిపోలేదు. అయినా నిజం చెప్పక తప్పలేదు.

“అది సాధువుది కాదే. బండి యెర్మీల్‌ది. నేనే అబద్ధం చెప్పా.”

“కర్నల్ పెళ్లానికైతే సాధువుది, నా కూతురికైతే బండివాడిదీనా?”

“వాసన చూడు! గుర్రం కంపు కొట్టట్లా?”

“సాధువులు గుర్రబ్బండి ఎక్కరా ఏంటి?”

“ఇదిగో ఎర్రదారం కుట్టు. యెర్మీల్ బట్టలకి నేను పెట్టే గుర్తు!”

“నువ్వు కుట్టిందేగా! నిన్న కుట్టావో, ఇవాళ కుట్టావో!”

లూషా ఊపిరి ఈల వేస్తోంది. అగ్రఫేనా చొక్కాను ఒక్క గుంజు గుంజి పొయ్యిలో కుక్కేసింది. ఉస్తీన్యా కెవ్వుమని లేచి అత్త చెంప మీద లాగి కొట్టింది. పొయ్యిలో చొక్కా బూడిదైపోయింది. ఇక పట్టుకుని కూర్చోవడానికి ఏమీ లేదు. ఉస్తీన్యా ఏడుస్తూనే పిల్లను భుజాన వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తింది.

డాక్టరు సూది పొడిచాడు. నాలుగో రోజు లూషా రొట్టె అడిగింది. అగ్రఫేనా మంచం కోడు పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

పెరట్లో మాత్రం కథ వేరుగా నడుస్తోంది. “చొక్కాతో పాటే జ్వరం కూడా తగలబడిపోయింది, నా కళ్లతో చూశా,” అని ఉస్తీన్యా అందరికీ చెబుతోంది. అబద్ధమాడుతున్నానని ఆమెకు తెలియదు. అగ్రఫేనాకు ఒళ్లు మండింది, ఇది నమ్మి ఎవరైనా ఆసుపత్రి మానేస్తారేమోనని భయమూ వేసింది.

మర్నాడు పొద్దున్నే పక్కగది ఫ్యోక్లా వచ్చింది, చేతిలో ఖాళీ గ్లాసు.

“అక్కా, మావాడికీ గొంతు పూడుతోంది. ఆ పొయ్యిలో బూడిద చిటికెడు పెట్టు.”

నిజం చెప్పబోయింది అగ్రఫేనా. కోడలు కొట్టిన దెబ్బ చెంప ఇంకా మర్చిపోలేదు. నిజం చెప్పి ఇంట్లో కోడల్నే నమ్మించలేకపోయింది. పొయ్యి దగ్గర వంగి, మొన్నటి కట్టెలదో ఏదో, చిటికెడు బూడిద గుడ్డముక్కలో మూటకట్టి తన గుప్పిట్లోనే బిగించుకుంది.

“ఇస్తాలే. కానీ ఇది సూదిమందు పడ్డాకే పనిచేస్తుంది. ముందే తాగిస్తే విషం. పిల్లాణ్ణి ఎత్తుకో, నేనూ వస్తా.”

“సాధువు అట్లా చెప్పాడా అక్కా?”

“చెప్పాడు. నాతోనే చెప్పాడు,” అంది అగ్రఫేనా, శాలువా వెతుక్కుంటూ.

రెండేళ్లలో ఆ సాధువు ఆమెతో మాట్లాడింది ఒక్కసారే, ఊడిపోయిన గుండీ గురించి.