మామ నవారు మీద చివరి గీత

మా మామ పోయాడు. గుండె ఆగిందన్నారు. పుంగనూరు నుంచి ఫోను వచ్చేటప్పటికి నేను బెంగళూరు ఆఫీసులో ఐదు చక్రాల కుర్చీలో కూర్చుని, పని చేస్తున్నట్టు కనబడుతున్నాను. వార్త విని లేవబోతే కుర్చీ వెనక్కి జారింది. అంత దుఃఖంలోనూ వంగి దాని చక్రాల వంక చూశాను. ఆయన ఇంట్లో ఉండి చదువుకున్నవాడికి అది తప్పదు. ఏది దొర్లినా ముందు కిందికి చూడాలి.

మామ మా అమ్మకు తమ్ముడు. సొంత లారీ, సొంతంగా తోలుకునేవాడు. మదనపల్లి మండీలో టమాటా ఎత్తుకుని పుంగనూరు, పలమనేరు, కుప్పం మీదుగా తమిళనాడుకు పోయేవాడు. నేను పుంగనూరులో వాళ్లింట్లో ఉండి, మదనపల్లి పక్కనున్న అంగళ్లు కాలేజీలో ఇంజినీరింగ్ చదివాను. మనుషులకు జాతకాలు చూసేవాళ్లను మీరు చూసే ఉంటారు. మామ టైర్లకు చూసేవాడు.

ముందు చక్రాలకు నిలువు గీతల టైర్లు, అవీ కొత్తవి. రీబటన్ టైరు, అంటే అరిగినదానికి మళ్లీ రబ్బరు అతికించింది, ముందర వేసేవాడితో ఆయన టీ కూడా తాగడు. ఇక వెనక చక్రాల సంగతి మతం లాంటిది. అక్కడ ఒక్కో పక్కన రెండేసి టైర్లు జంటగా ఉంటాయి. ఆ రెండింటి ఎత్తూ కలవాలి. లేదంటే పొట్టిది ఊరికే తిరుగుతుంది, పొడుగుది బరువంతా మోసి, వేడెక్కి, పగులుతుంది.

దీనికి మామ పరికరం, పాత మంచం నుంచి కోసిన రెండు బారల నవారు. బండికున్న టైరు చుట్టూ దాన్ని చుట్టి, చివర కలిసినచోట బాల్‌పెన్నుతో గీత పెట్టేవాడు. ఆ గీతకు సరిపోయే జత కోసం మదనపల్లి షాపుకు పోయేవాడు. షాపాయనకు అదొక వేడుక.

“ఏం సామీ, టైరుకు రవిక కుట్టిస్తాండావా?”

“నవ్వప్పా, నవ్వు. గాలి పట్టించి ఈడ నిలబెట్టు. గాలి లేని టైరు అబద్ధం సెప్తాది.”

“నంబరు ఒకటే గదా!”

“మా అన్నదమ్ములందరికీ ఇంటిపేరు ఒకటే. ఎత్తులు ఒకటేనా?”

నేను రెండో ఏడాదిలో ఉండగా కుడివైపు వెనక జంటలో ఒక టైరు చీలిపోయింది. మామకు జ్వరం. వణుకుతూనే మిగిలిన టైరును కొలిచి, గీత పెట్టి, నవారును వసారాలో మేకుకు తగిలించాడు.

“అల్లుడా, కాలేజీ అయినంక టైరు ఎంచి, ఆటోలో ఏసుకోని రా. నవారు మరిచిపోవద్దు.”

నేను మరిచిపోలేదు. అదే చెప్పాల్సిన సంగతి. మంచం నవారు సంచిలో పెట్టుకుని మెకానికల్ ఇంజినీరింగ్ క్లాసులో కూర్చోవడానికి నాకు నామోషీ అయింది. మేకుకే వదిలేసి బస్సెక్కాను. షాపులో నంబరు చూశాను. సరిపోయింది. ఇంకా రబ్బరు వెంట్రుకలు కూడా ఊడని, మహా అందమైన కొత్త టైరు ఎంచాను. దాని జత సగం అరిగిందన్న ఊసే నాకు తట్టలేదు.

“మీ మామ నవారు యాడప్పా?” అన్నాడు షాపాయన.

“ఇది ఇంజినీర్ల కాలం అన్నా.”

ఇంటికొచ్చేసరికి మామ దుప్పట్లో ఉన్నాడు. “నవారు సుట్టినావా?”

“సుట్టినా మామా.”

“గాలి పట్టించి?”

“పట్టించే.”

అబద్ధానికి కూడా గాలి బాగా పట్టించాను. ఆయన మళ్లీ కొలవలేదు. ఎవరినీ నమ్మక గాలి లేని టైరును కూడా నిలదీసే మనిషి, నా మాట నమ్మాడు.

జ్వరం తగ్గిన రెండో రోజున లోడు ఎత్తాడు. పలమనేరు దాటి, కుప్పం దోవలో ఒక మలుపు దగ్గర నా అందమైన టైరు పగిలింది. లారీ పక్కకు ఒరిగి గుంతలోకి దిగింది. రోడ్డంతా టమాటా. మామ కుడి మోకాలు నలిగింది. కుప్పం ఆస్పత్రిలో తోటి డ్రైవర్లు మంచం చుట్టూ చేరారు.

“కొలిసే మనిషివి, నువ్వెట్ల తప్పినావు సామీ?”

“నేనే ఎంచినా. జొరంలో గీత తప్పు సూసుకుంటి,” అన్నాడు మామ.

ఆయన కాళ్ల దగ్గరే నిలబడి ఉన్నాను. నా వైపు చూడలేదు. కొంచెం సోడా కావాలన్నాడు, అంతే. తెచ్చిచ్చాను.

ఆ మోకాలు మళ్లీ వంగలేదు. లారీ అమ్మేశాడు. పుంగనూరు బస్టాండు దగ్గర పంక్చరు అంగడి ముందు కూర్చుని, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ కంటి కొలతతోనే టైర్లు ఎంచిపెట్టేవాడు. కుంటుతూ నాకు ఎదురొచ్చి, “సూడు అల్లుడా, నా రెండు కాళ్లకీ ఎత్తు కలవల్యా,” అని నవ్వేవాడు. నేనూ నవ్వేవాణ్ణి. నాకు చేతనైన పని అదొక్కటే. ఇంటికి పోయిన ప్రతిసారీ ఒక మాట సిద్ధం చేసుకుని పోయేవాణ్ణి. “మామా, ఆ పొద్దు...” అనగానే ఆయన నా మోటార్ సైకిలు టైరు మీద వేలితో నొక్కి, “గాలి తక్కువుండాది సూడు,” అనేవాడు. బతికిపోయాననుకుని గాలి పట్టించడానికి పోయేవాణ్ణి.

దినాల నాడు, చుట్టాలు వెళ్లాక, అత్త వసారాలో గిన్నెలు సర్దుతుంటే చెప్పాను.

“అత్తా, ఆ పొద్దు నేను నవారు తీసుకోని పోలేదు. మామకు అబద్ధం చెప్పినా.”

ఆమె చెయ్యి ఆగలేదు.

“తెలుసప్పా. నువ్వు బస్సెక్కినంక సూస్తి. మేకుకే ఉన్నింది. ఆయప్ప జొరంలో పడుకోనుండాడు, లేసినంక సెప్దాంలే అనుకొంటి. పనిలో పడి మరిచిపోతి.”

“తర్వాతన్నా మామకు చెప్పలేదా?”

“నువ్వు ముందు సెప్తావని సూస్తా ఉంటి.”

అంతే. గిన్నెలు తీసుకుని లోపలికి పోయింది.

నవారు ఇంకా ఆ మేకుకే ఉంది. మామ వేళ్లు పట్టి పట్టి ఒక కొస నల్లబడింది. రెండో కొసన గీతలు, ఒక్కో టైరుకు ఒక్కటి, కొన్ని వెలిసిపోయాయి. అన్నిటికన్నా చివర పెట్టింది, వణికే చేత్తో పెట్టినందుకు కొంచెం వంకరపోయిన నీలం గీత ఒకటి. దానికి ఎవరూ జత వెతకలేదు.